పాపకి వెన్నెల అని పేరు పెట్టాలనుకుంటున్నారా? అయితే పెట్టేముందు ఇవి చూసుకోండి

ప్రేమగా ఉండాలి, కొంచెం కవిత్వంగా ఉండాలి, నోరు సులువుగా తిరగాలి, అర్థం అడిగితే చెప్పగలగాలి, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఒప్పుకోవాలి. ఆడపిల్ల పేరు కోసం వెతికే ప్రతి అమ్మకీ నాన్నకీ దాదాపు ఇవే కోరికలు, నాకూ ఇవే. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెల నుంచి ఒక నోట్‌బుక్‌లో పేర్లు రాసుకుంటూ వచ్చా, ప్రణయ, చంద్రిక, రాధిక, కౌముది, ప్రియంవద, ఇలా నలభై దాకా అయ్యాయి, చివరికి మా పాపకి పెట్టింది మాత్రం ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్న పేరు, వెన్నెల. ఇప్పుడు దానికి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఈ పేరు గురించి నాకు తెలిసినవీ, ముందే తెలిసుంటే బాగుండేది అనుకున్నవీ అన్నీ రాస్తున్నా, మీరు ఇదే పేరు పెట్టకపోయినా ఇలాంటి పేరు ఏది పెట్టుకున్నా ఈ పద్ధతి పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి, ఎందుకంటే రేపు పిల్ల పెద్దదై అమ్మా నా పేరుకి అర్థమేంటి అంటే మూన్‌లైట్ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే దానికి ఏం మిగుల్తుంది చెప్పండి. వెన్నెల అచ్చ తెలుగు మాట, సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది తెలుపు, మనం గోడలకి వేసే వెల్లలో, వెండిలో, చిలికి తీసే వెన్నలో, ఆఖరికి కూరలో వేసే వెల్లుల్లిలో కూడా ఉన్నది ఈ తెలుపే (వెల్లుల్లి అంటే తెల్ల ఉల్లి). రెండోది నెల. నెల అంటే పాత తెలుగులో చంద్రుడు, అందుకే నెలవంక అంటాం, సన్నగా మొదటిసారి కనపడితే నెల పొడిచింది అంటాం. చంద్రుడు ఒక చుట్టు తిరిగి మళ్ళీ పున్నమికి రావడానికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంది కాబట్టి ఆ కాలానికి కూడా నెల అనే పేరు వచ్చింది.

ఇక్కడే నాకు మనసు ఆగిపోయింది. నెల తప్పింది అంటాం, ఎన్నో నెల అని అడుగుతాం, నెలలు నిండాయి అంటాం. అంటే కడుపులో బిడ్డని లెక్కపెట్టుకునే మాటా, ఈ పేరులో ఉన్న మాటా ఒకటే. తొమ్మిది నెలలు రోజూ నా నోట్లో ఉన్న మాటే పాప పేరై నా ఎదురుగా పడుకుంది అన్నమాట. ఇది తెలిశాక నోట్‌బుక్‌లో మిగతా పేర్లు నేను మళ్ళీ తిరగేయలేదు.

పక్క భాషల్లో కూడా ఇదే కట్టుబడి. తమిళంలో వెణ్ణిలా, మలయాళంలో వెణ్ణిలావు. కన్నడంలో బెళదింగళు, అక్కడ తింగళు అంటే నెల, చంద్రుడు రెండూను. దక్షిణాదిలో ఎక్కడికెళ్ళినా ఈ పేరుకి చుట్టాలున్నారు. మా ఫ్లాట్స్‌లో ఉండే తమిళావిడ పాప పేరు వినగానే ఓ వెణ్ణిలావా మా అంది, ఇంక అప్పట్నుంచి అలాగే పిలుస్తుంది, మేమూ ఎప్పుడూ సరిచేయలేదు.

తెలుగులో మొదటి పెద్ద కావ్యం నన్నయ భారతం కదా, పదకొండో శతాబ్దం, రాజమహేంద్రవరం, రాజరాజనరేంద్రుడు అడిగితే రాసింది. ఆయన అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు, ఆఖరి పద్యం అని పెద్దలు చెప్పేది ఏంటో తెలుసా, శరత్కాలపు రాత్రుల వర్ణన, ఆకాశం నిండా కర్పూరం పొడి చల్లినట్టు పరుచుకున్న వెన్నెల. తర్వాత రెండు మూడు వందల ఏళ్ళకి ఎర్రన వచ్చి ఆ పర్వం పూర్తి చేశాడు. అంటే తెలుగులో ఆ పర్వం అన్నేళ్ళు వెన్నెల దగ్గర ఆగి ఉంది. నేను తెలుగు ఎమ్మే ఏం చదవలేదు, పదో తరగతిలో మా మాస్టారు చెప్పింది గుర్తుండిపోయింది, పేరు పెట్టాక ఆ పద్యం మళ్ళీ వెతుక్కుని చదువుకున్నా.

ఇప్పుడు రొమాంటిక్ అనే విషయానికొద్దాం. వెన్నెల అనగానే మల్లెపూలు, డాబా, కొత్త జంట, ఇవి గుర్తొస్తాయి నిజమే. వెన్నెలని తాగి బతుకుతుందని కవులు చెప్పే చకోర పక్షికి మన తెలుగు పేరు వెన్నెలపులుగు, కలువ చంద్రుడు వస్తే గానీ విచ్చుకోదు, ఇలా ప్రేమ కథలన్నీ దీని చుట్టూనే ఉన్నాయి. కానీ మన దగ్గర వెన్నెల పెద్దవాళ్ళ సొత్తు మాత్రమే కాదు, ముందు అది పిల్లలది. గోరుముద్దలు తినిపించింది ఆ వెలుగులోనే, చందమామ రావే అని చెయ్యి చాపి పిలిచింది అక్కడే. వెన్నెల కుప్పలు అని ఒక ఆట ఉండేది, మా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఆడేవాళ్ళం, మట్టితో చిన్న చిన్న కుప్పలు ఎక్కడెక్కడో అరుగుల కింద, బండి చక్రం వెనకాల దాచేసి వస్తే అవతలి జట్టు వెతికి చెరపాలి, టార్చిలైటు తెస్తే ఆటలోంచి తీసేసేవాళ్ళు, వెన్నెల్లోనే కనుక్కోవాలి. అట్లతద్దికి గోరింటాకు చేతులతో ఉయ్యాలలూగి సాయంత్రం చంద్రుణ్ణి చూశాకే ఆడవాళ్ళు అట్లు తినేది.

కాబట్టి ప్రేమ పేరు ఎంచుకునేటప్పుడు నేను చెప్పే మొదటి పరీక్ష ఇది, ఆ పేరు మూడేళ్ళ పిల్లకి, ముప్పై ఏళ్ళ ఆవిడకి, డెబ్భై ఏళ్ళ మామ్మకి, ముగ్గురికీ నప్పాలి. ప్రణయ అందమైన పేరే, నేను కాదనను, కానీ నాకెందుకో అది ఎవరో ఇంకొకళ్ళకి కలగబోయే భావాన్ని పిల్ల మీద ముందే రాసినట్టు అనిపించింది. వెన్నెల అలా కాదు, ఎవరూ చూడకపోయినా అది వెన్నెలే. పలక పట్టుకున్న పిల్లకీ బాగుంటుంది, పెళ్ళి కార్డు మీదా బాగుంటుంది, వెన్నెలమ్మ మామ్మగారు అన్నా బాగుంటుంది, కావాలంటే మీరే ఒకసారి పైకి అని చూడండి.

రెండో పరీక్ష, పిలిచి చూడటం. రాసుకుని చూస్తే చాలదు, వంటింట్లో నుంచి హాల్లోకి గట్టిగా పిలవండి, మెట్ల మీద నుంచి కిందకి పిలవండి. వెన్నెలా అని చివర దీర్ఘం తీస్తే గొంతు బాగా సాగుతుంది, అరిచినా కరుగ్గా వినపడదు, కోపంలో పిలిచినా సగం కోపం అక్కడే పోతుంది. ముద్దుపేరు కూడా ముందే అనుకోండి, లేకపోతే జనం వాళ్ళే పెట్టేస్తారు. మా వైపు కొందరు వెన్నూ అనడం మొదలుపెట్టారు, వెన్ను అంటే వీపు కదా, బళ్ళో పిల్లలు పట్టుకుంటారేమో అని నేను మొదట్లోనే వద్దన్నా, ఇంట్లో అందరం వెన్నీ అనో వెన్నెలమ్మా అనో పిలుస్తాం.

ఇంక పెద్దవాళ్ళ అభ్యంతరాలు. ఇవి వస్తాయి, వచ్చినప్పుడు కొట్టిపారేయకండి, కూర్చుని మాట్లాడండి. మొట్టమొదట వచ్చేది అడవి గాచిన వెన్నెల అనే సామెత. ఎవరికీ పనికిరాకుండా పోయిన అందానికో తెలివికో అలా అంటారు కదా, ఆడపిల్లకి అలాంటి మాట ఉన్న పేరు ఎందుకమ్మా అని మా పెదనాన్నగారు ఫోన్ చేసి మరీ అడిగారు. నాకు ఆ రోజు సమాధానం దొరకలేదు, మా అమ్మ అందుకుని, బావగారూ అడవిలో ఉన్నవాళ్ళకి ఆ వెన్నెలే కదండీ దీపం అంది, ఆయన కాసేపాగి సరేలే అన్నారు. నిజానికి ఆ సామెతలో తప్పు వెన్నెలది కాదు, చూసేవాళ్ళు లేకపోవడానిది, అదే మీ వాళ్ళకి చెప్పండి.

రెండోది మా ఇంట్లో గట్టిగా వచ్చింది. మా పాప పుట్టింది ఆశ్వయుజ బహుళ చతుర్దశి, అంటే దీపావళి ముందు రోజు తెల్లవారుజామున. అమావాస్య ముంగిట పుట్టిన పిల్లకి వెన్నెల ఏంటి అన్నారు మా అత్తయ్యగారు, ఆవిడ గొంతులో వెటకారం లేదు, నిజంగానే భయపడ్డారు. దానికి నేనేం వాదించలేదు, ఆ సంగతి చివర్లో చెప్తా.

మూడోది సినిమాలు. ఏదో సినిమా చూసి పెట్టారా అని తప్పకుండా అడుగుతారు, 2022లో వచ్చిన విరాటపర్వంలో, 2023లో వచ్చిన దసరాలో హీరోయిన్ పేరు వెన్నెలే మరి. వెన్నెల అనే పేరుతోనే 2005లో ఒక సినిమా వచ్చింది, ఆ మాట అందులో నటించిన కిశోర్ పేరు ముందు అలా ఉండిపోయింది. 1986లో వచ్చిన సిరివెన్నెల అయితే సీతారామశాస్త్రిగారికి ఇంటిపేరే అయిపోయింది. ఒక మాట మనుషుల పేర్లకి అంతలా అతుక్కుపోతోందంటే అందులో ఏదో ఉన్నట్టే కదా. సినిమా చూసి పెట్టినా తప్పు లేదు, కానీ సినిమా పాతబడ్డాక కూడా ఆ పేరు మీకు నచ్చుతుందా అని మాత్రం ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి, వెన్నెల విషయంలో నాకైతే అనుమానం లేదు.

నక్షత్రం అక్షరం చూసేవాళ్ళకి ఇది. పంచాంగంలో వే, వో, కా, కీ అనేవి మృగశిర నాలుగు పాదాల అక్షరాలు, వె, వే రెండూ ఒకటిగానే తీసుకుంటారు కాబట్టి మృగశిర మొదటి పాదంలో పుట్టిన పిల్లకి వెన్నెల సరిగ్గా సరిపోతుంది, పైగా మృగశిరకి అధిదేవత సోముడు, అంటే చంద్రుడే, ఇంతకన్నా ఏం కావాలి. మరి వేరే నక్షత్రమైతే? ఏం ఫర్వాలేదు, జన్మనామం ఒకటి, వ్యవహారనామం ఒకటి పెట్టుకోవచ్చు, చాలా ఇళ్ళల్లో ఇదే జరుగుతుంది. మా పాపది చిత్త మూడో పాదం, అక్షరం రా, అందుకని పూజల్లో సంకల్పానికి రాధ అని జన్మనామం పెట్టుకున్నాం, పిలిచేది, బళ్ళో రాసేది వెన్నెల. నా నోట్‌బుక్‌లో రాధిక ఉంది కదా, అదీ అలా తీరింది.

ఇప్పుడు స్పెల్లింగ్, దీని దగ్గర మాత్రం దయచేసి కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి. తెలుగులో సరైన రూపం వకి ఎత్వం, నకి ఎత్వం, కింద న ఒత్తు, తర్వాత ల. ఎక్కువమంది చేసే తప్పు మధ్యలో ఎత్వం వదిలేసి వెన్నల అని రాయడం. మాకు బర్త్ సర్టిఫికెట్ మొదటిసారి చేతికొచ్చినప్పుడు సరిగ్గా అదే తప్పు పడింది, నేను ఇంగ్లీషు లైను ఒక్కటే చూసి బాగుందనుకుని తెచ్చేసుకున్నా, ఇంటికొచ్చాక మావారు తెలుగు లైను చదివి ఇది వెన్నల కదా అన్నారు, మళ్ళీ వెళ్ళి అప్లికేషన్ పెట్టి సరిచేయించుకోవడానికి మూడు సార్లు తిరగాల్సి వచ్చింది. కాబట్టి కౌంటర్ దగ్గరే నిలబడి తెలుగు, ఇంగ్లీషు రెండూ అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లీషులో వి, ఈ, ఎన్, ఎన్, ఈ, ఎల్, ఏ, అంతే. న్యూమరాలజీ అని ఇంకో ఎల్ కలపడం, చివర హెచ్ పెట్టడం చేస్తే ఆ పిల్ల జీవితాంతం ప్రతి కౌంటర్ దగ్గరా ఆ అక్షరం వివరించుకుంటూ ఉండాలి, నేనైతే వద్దనే చెప్తా.

విదేశాల్లో ఉండేవాళ్ళకి ఒక మాట, అక్కడివాళ్ళు ఈ పేరు చదవగానే వనిలా అనేస్తారు, మా ఆడపడుచు డాలస్‌లో ఉంటుంది, మా పాపని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు పార్కులో పిల్లలు ఐస్‌క్రీమ్ పేరా అని అడిగారు. పిల్ల బాధపడలేదు, కానీ మనం ముందే నేర్పాలి, మొదటి అక్షరం మీద ఊనిక పెట్టి వెన్, నె, ల అని విడదీసి చెప్పమని, తర్వాత ఇది మా భాషలో చంద్రుడి వెలుగు అని చెప్పమని. మా పాప ఇప్పుడు అడగకపోయినా చెప్తుంది. ఇంకోటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. వదిలేస్తే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునీ ఇంటిపేరు కింద వేసి, అసలు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ, అంటే పేరు తెలీదు అని కొట్టేస్తారు, ఇంత అందమైన పేరు పెట్టి అలా అవ్వడం ఎందుకు.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా చెప్పేస్తా. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు అవ్వాలి, ఆసుపత్రిలో పుడితే వాళ్ళే పంపిస్తారు. పేరు అప్పటికి ఖాయం కాకపోతే కంగారు పడి ఏదో ఒకటి రాయించకండి, పేరు లేకుండానే నమోదు చేయించుకుని ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాతైతే లేటు ఫీజు ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి వదలొద్దు, 2023 అక్టోబర్ 1 నుంచి చట్టం మారింది, ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్ళకి బడిలో చేర్చడానికి, పాస్‌పోర్టుకి, డ్రైవింగ్ లైసెన్సుకి, ఓటుకి పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్టే. అందులో ఏ అక్షరాలు పడితే, సరిచేయించుకోకపోతే అవే జీవితాంతం.

వెన్నెల కొంచెం ఎక్కువమందికి ఉంది, వేరేది కావాలి అనుకుంటే అదే వెలుగులో ఇంకా పేర్లున్నాయి. జాబిల్లి ఉంది, మరీ ముద్దు, కానీ పెద్దయ్యాక ఆఫీసులో ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. కలువ నాకు చాలా ఇష్టం, ఎవరూ పెట్టట్లేదు ఎందుకో. సంస్కృతం కావాలంటే చంద్రిక, కౌముది. జ్యోత్స్న అర్థం వెన్నెలే గానీ ఆ చివరి సంయుక్తాక్షరం పలికేవాళ్ళు తక్కువ, జోష్ణ, జోత్స్న అని రకరకాలుగా అయిపోతుంది.

బారసాల రోజు బియ్యంలో రాసేటప్పుడు పళ్ళెం వెడల్పుగా ఉన్నది తీసుకోండి, ఇది నేను పడ్డాక చెప్తున్నది. ఇరవై ఒకటో రోజు మా ఇంట్లో ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి మావారు బంగారు ఉంగరంతో రాస్తున్నారు, వె బాగానే వచ్చింది, న్నె దగ్గర పైన ఎత్వం, కింద ఒత్తు, రెండిటికీ చోటు చాలక గింజలు జారి ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, వేలితో సర్దుతున్నారు, ల ఇంకా రాయలేదు. అంతలో మా పెద్దత్తయ్య వంగి చూసి వెన్న అని పెడుతున్నారేంట్రా అంది. అందరూ నవ్వారు, మా అమ్మ మాత్రం, రెండూ ఒక ఇంటివేలే వదినా, తెల్లగా ఉండేవన్నీ చుట్టాలే అంది. మావారు ల రాసేశారు. ఆయన పాప చెవి దగ్గర వంగి మూడు సార్లు పేరు చెప్పారు, అది నిద్రలోనే మూతి కదిపింది.

ఆ రోజు కార్తీక బహుళ చవితి. మా అత్తయ్యగారు నెలనెలా సంకటహర చవితి ఉంటారు, ఇంటినిండా భోజనాలు జరుగుతున్నా ఆవిడ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, చంద్రుణ్ణి చూస్తే గానీ ముట్టరు. చుట్టాలందరూ వెళ్ళిపోయాక, రాత్రి తొమ్మిదవుతోంది, పాపని నా ఒళ్ళోంచి తీసుకుని డాబా మీదకి వెళ్ళారు. మంచు పడుతుందేమో అని టోపీ పట్టుకుని వెనకాలే వెళ్ళా. వాటర్ ట్యాంక్ పక్క నుంచి చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు, ఒక పక్క కొంచెం అరిగి. ఆవిడ పాప మొహాన్ని అటు తిప్పి, ఇరవై రోజులుగా పాపాయి అని మాత్రమే పిలిచినావిడ, వెన్నెలా, అదుగోనే మీ మావయ్య, అన్నారు. తర్వాత నా చేతికిచ్చి, పద, నాకు అన్నం పెట్టు అన్నారు.